మాస్కు తీయని మనుషులు

కరోనా పోయిందని ఊరంతా అంటోంది. బస్సులో, ఆసుపత్రిలో, పెళ్లి మండపంలో కొందరు మాత్రం ఇంకా మాస్కు పెట్టుకునే కనిపిస్తున్నారు. వాళ్లకు ఎదురయ్యేవి వింత చూపులు, ఎకసెక్కాలు. వైరస్‌ను పక్కన పెట్టుకుని బతకడం రొయ్యల చెరువుల దగ్గర ముప్పై ఏళ్లుగా నేర్చుకున్న నేల ఇది. మాస్కును చూసి నవ్వాల్సిన చివరి ప్రాంతం ఏదైనా ఉంటే అది మన కృష్ణా డెల్టానే.

రొయ్యల చెరువు గట్టెక్కాలంటే ముందు కాళ్లు కడగాలి. ముదినేపల్లి, కలిదిండి, బంటుమిల్లి వైపు శ్రద్ధగా సాగు చేసే రైతు గట్టు మొదట్లోనే పర్మాంగనేటు కలిపిన నీళ్లు పెట్టి ఉంచుతాడు. మేత వేసే కుర్రాడైనా, సరుకు చూడ్డానికి వచ్చిన వ్యాపారైనా పాదాలు అందులో ముంచాకే లోపలికి రావాలి. చెరువు చుట్టూ పీతలు దూరకుండా వల కంచె ఉంటుంది. కొంగలూ కాకులూ వాలకుండా పైన దారాలు కడతారు. ఒక చెరువులో వాడిన వల ఇంకో చెరువులో దించరు. హేచరీ నుంచి సీడు తెచ్చే ముందు పీసీఆర్ రిపోర్టు అడుగుతారు. మిగతా దేశం 2020లో నేర్చుకున్న ఆ పరీక్ష గురించి ఇక్కడి రైతులకు అంతకు ఎన్నో ఏళ్ల ముందే తెలుసు.

ఇంత శ్రమా కంటికి కనిపించని ఒక్క వైరస్ కోసం. 1994-95లో వైట్‌స్పాట్ కోస్తా చెరువుల మీద విరుచుకుపడింది. అది సోకిన చెరువు వారం పది రోజుల్లో ఖాళీ అయిపోతుంది. మనిషికి దానివల్ల హాని లేదు కానీ, ఎన్నో కుటుంబాలను అప్పుల్లోకి నెట్టింది. దానికి అప్పుడూ మందు లేదు, ఇప్పుడూ లేదు. టైగర్ రొయ్య వెనకబడింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక సాగు మళ్లీ పుంజుకుంది. వైరస్ మాత్రం ఎక్కడికీ పోలేదు. అందుకే వరసగా రెండు పంటలు బాగా తీసినా, వైట్‌స్పాట్ పోయింది కదా కంచె పీకేద్దాం అని ఏ రైతూ అనడు. ఎవరైనా అంటే పక్క చెరువు రైతు ఊరుకోడు. ఒకరి నిర్లక్ష్యం గట్టు దాటి పక్కవాడి కొంప ముంచుతుందని ఇద్దరికీ తెలుసు.

అదే రైతు మాస్కు పెట్టుకుని గుడివాడ బస్సెక్కాడనుకోండి. "ఏం బాబాయ్, ఒంట్లో బాలేదా?" అని మొదలవుతుంది. "ఇంకెక్కడి కరోనా అన్నయ్యా, ఎప్పుడో పోయిందిగా!" అని వెనక సీటు అందుకుంటుంది. పక్కన కూర్చోబోయినావిడ ఒక్క క్షణం ఆగి వేరే సీటు వెతుక్కుంటుంది. కాపాడుకోవడానికి పెట్టుకున్న మాస్కు జబ్బుమనిషికి గుర్తుగా మారిపోయింది. జబ్బు ఉన్నవాళ్లేమో మాస్కు లేకుండా దగ్గుతూ కూర్చుంటారు.

చెరువు దగ్గర అంత తెలివిగా నడుచుకునే మనం మనిషి దగ్గరికొచ్చేసరికి ఎందుకిలా మారిపోయాం?

ఉత్తర్వు ముగిసింది, వైరస్ మిగిలింది

2020 జనవరి 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. దేశంలో తొలి కేసు కేరళలో బయటపడింది కూడా ఆ రోజే. మన ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసు మార్చి 12న నెల్లూరులో నమోదైంది. ఆ తర్వాత రెండేళ్లు ఎలా గడిచాయో ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. 2022 మార్చి 31తో విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం పెట్టిన ఆంక్షలు తొలగిపోయాయి. మాస్కు లేనివాళ్లకు జరిమానాలు వేయడమూ క్రమంగా ఆగింది. 2023 మే 5న ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితిని ఎత్తేసింది.

ఆ రోజు సంస్థ అధిపతి టెడ్రోస్ అధనోమ్ గెబ్రెయెసస్ రెండు విషయాలు చెప్పారు. అత్యవసర పరిస్థితి ముగిసిందన్నది మొదటిది. కరోనా ముప్పు ముగిసిపోలేదనీ, ఈ ప్రకటనను సాకుగా తీసుకుని ఏ దేశమూ జాగ్రత్తలు వదిలేయకూడదనీ చెప్పింది రెండోది. ఊళ్లకు మొదటిదే చేరింది.

వైరస్ తన దారిన తాను మారుతూనే ఉంది. 2023 డిసెంబరులో జేఎన్.1 రకం కేరళలో బయటపడి దేశమంతా పాకింది. 2025 మే, జూన్ నెలల్లో దాని సంతతికే చెందిన ఎన్‌బీ.1.8.1, ఎల్‌ఎఫ్.7 రకాలతో దేశంలో చికిత్సలో ఉన్నవారి సంఖ్య ఏడు వేలు దాటింది. విశాఖపట్నంలోనూ కేసు నమోదైంది. గుంపుల్లోకి వెళ్లొద్దనీ, వెళ్తే మాస్కు పెట్టుకోవాలనీ రాష్ట్ర ఆరోగ్య శాఖ మళ్లీ సూచనలు ఇచ్చింది. అది పెళ్లిళ్ల సీజను. మండపాల్లో మాస్కు పెట్టుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా కనిపించలేదు.

ఆ కేసులు కూడా పరీక్ష చేయించుకున్నవాళ్లవే. ఇప్పుడు పరీక్షలు దాదాపు ఆగిపోయాయి. జ్వరం, ఒళ్లు నొప్పులు, గొంతు నొప్పి వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షను, నాలుగు మాత్రలు. "వైరల్ ఫీవరండీ, ఇప్పుడు అంతటా ఉంది" అన్న మాటతో సరి. ఏ వైరస్సో ఎవరూ అడగరు. పరీక్ష లేకపోతే కేసు లేదు, కేసు లేకపోతే వైరస్ లేదు అన్న లెక్కలోకి వచ్చేశాం. చెరువులో నాలుగు రొయ్యలు గట్టు దగ్గరికి వచ్చి తేలితే వెంటనే ల్యాబుకు పట్టుకెళ్లే రైతు, ఇంట్లో నలుగురు ఒకేసారి మంచాన పడితే మాత్రం కారణం వెతకడు.

2021 నాటి ముప్పు ఇవాళ లేదు. ఆ మాట ఒప్పుకోవాలి. దేశంలో 220 కోట్లకు పైగా టీకా డోసులు వేశారు. ఒకటికి రెండుసార్లు సోకడం వల్ల కూడా చాలామందికి కొంత రక్షణ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న యువకుడికి ఇది నాలుగైదు రోజుల జ్వరంతో పోవచ్చు. కానీ ఆ యువకుడి ఇంట్లో ఎనభై ఏళ్ల నాయనమ్మ ఉండొచ్చు. పక్కింట్లో కీమోథెరపీ చేయించుకుంటున్న మనిషి ఉండొచ్చు. ముప్పు తగ్గడమూ, పోవడమూ ఒకటి కాదు. మాస్కు తీయని మనుషులు ఆ తేడా ఎరిగినవాళ్లు.

మర్చిపోవాలనుకున్న ఏడాది

వైరస్ పోయిందనేవాళ్లను తెలివితక్కువవాళ్లని కొట్టిపారేయడం అన్యాయం. ఆ మాట వెనక చాలా దుఃఖం ఉంది.

2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ పడక కోసం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అంబులెన్సులో తిరిగిన కుటుంబాలు డెల్టాలో ఎన్నో. కడచూపు దక్కలేదు. పదిమంది లేకుండా, బాజా లేకుండా, కొన్నిచోట్ల అయినవాళ్లు కూడా లేకుండా దహనాలు జరిగాయి. ఆ మే నెలలోనే నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటు వైద్యుడు కరోనాకంటూ ఇచ్చిన మందు కోసం వేలమంది ఎగబడ్డారు. ప్రభుత్వం పంపిణీని ఆపించి, మే 31న కంట్లో వేసే చుక్కల మందు మినహా మిగతా వాటికి అనుమతి ఇచ్చింది. ఆ గుంపులో చాలామందికి మాస్కు లేదు. అయినా వాళ్లను ఎగతాళి చేయలేం. ఆసుపత్రిలో మంచం దొరకని రోజుల్లో మనిషి ఏ ఆశనైనా పట్టుకుంటాడు.

రాష్ట్రంలో కరోనా మరణాలు అధికారిక లెక్కల్లో 14,733. దేశం మొత్తం మీద అయిదు లక్షల ముప్పై వేల పైచిలుకు. జనన మరణాల నమోదు లెక్కలు చూస్తే చిత్రం వేరుగా కనిపిస్తుంది. 2019లో దేశంలో నమోదైన మొత్తం మరణాలు 76.4 లక్షలు. 2020లో 81.2 లక్షలయ్యాయి. 2021లో 1.02 కోట్లకు చేరాయి. ఒక్క ఏడాదిలో ఇరవై లక్షలకు పైగా పెరిగాయి. ఆ రెండేళ్లలో భారత్‌లో అదనంగా 47 లక్షల మంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేస్తే కేంద్ర ప్రభుత్వం ఆ పద్ధతే సరైంది కాదంది. ఏ అంకె నిజమన్న వాదన సాగుతూనే ఉంటుంది. ఎవరింట్లో ఎవరు పోయారో మాత్రం ఆ ఇంటికి తెలుసు.

ఇదే డెల్టాలో 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్లను తుడిచిపెట్టింది. పదివేల మందికి పైగా పోయారు. ఆ తేదీ వస్తే అవనిగడ్డ ప్రాంతంలో ఇప్పటికీ నివాళులు అర్పిస్తారు. ఆ తర్వాత తీరం వెంబడి తుపాను షెల్టర్లు కట్టుకున్నాం. వాతావరణ హెచ్చరిక వస్తే ఊళ్లు ఖాళీ చేయడం నేర్చుకున్నాం. తుపాను రాని ఏడు షెల్టరును చూసి ఎవరూ నవ్వరు. పోయినవాళ్లను గుర్తుపెట్టుకోవడంతోపాటు జాగ్రత్తనూ ఆ ఉప్పెన నేర్పింది. కరోనాకు మన ఊళ్లలో అలాంటి తేదీ లేదు. స్తూపం లేదు. పోయినవాళ్ల గురించి నలుగురిలో మాట్లాడుకున్నది తక్కువ. ఏడుపు లోపలే ఉండిపోయింది. మాస్కు కనిపిస్తే అదంతా మళ్లీ కళ్లముందుకొస్తుంది. "తీసెయ్ అన్నయ్యా, ఇంకా ఎందుకది" అన్న మాటలో వెటకారం కన్నా భయమే ఎక్కువ.

భయం ఇంకో రూపంలోనూ బయటపడుతుంది. 2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ వార్తలు రాగానే కొత్త మహమ్మారి వచ్చిందని వాట్సాప్‌లో హోరెత్తించారు. అది 2001లోనే నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు గుర్తించిన పాత వైరస్. వారం గడిచేసరికి అందరూ మర్చిపోయారు. అయితే హడలిపోవడం, లేకపోతే అసలే లేదనుకోవడం. ఈ రెంటి మధ్యా ప్రశాంతంగా జాగ్రత్త పడే దారి ఒకటుంది. మాస్కు తీయనివాళ్లు నడుస్తున్నది ఆ దారిలోనే.

గాలిని ఒప్పుకోవడానికి పట్టిన కాలం

మాస్కు విషయంలో జనం తికమక పడ్డారంటే పెద్దలదీ అందులో వాటా ఉంది. 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థే కరోనా గాలి ద్వారా వ్యాపించదని చెప్పింది. చేతులు కడగండి, ఆరడుగులు దూరం ఉండండి అన్న ప్రచారమే సాగింది. అదే ఏడాది జులైలో లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ ఆధ్వర్యంలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. మాట్లాడినప్పుడు, ఊపిరి వదిలినప్పుడు వచ్చే అతి సన్నని తుంపర్లు గాల్లో చాలాసేపు తేలుతాయనీ, మూసి ఉన్న గదుల్లో అవి ఆరడుగులు దాటి పోతాయనీ వాళ్లు చెప్పారు. ఆరోగ్య సంస్థ తన మాట మార్చుకోవడానికి నెలలు పట్టింది. ఈలోగా మనం బస్సు సీట్లకు, కూరగాయలకు శానిటైజర్ కొట్టి, కిటికీలు మాత్రం మూసి కూర్చున్నాం.

గాలిని వడగట్టడంలో ఎన్95 మాస్కుది పెద్ద పాత్ర. తైవాన్‌లో పుట్టి అమెరికాలోని టెన్నెసీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పీటర్ త్సాయ్ ఈ మాస్కుల్లో వాడే పొరకు విద్యుదావేశం ఇచ్చే పద్ధతిని కనిపెట్టి 1995లో పేటెంటు పొందారు. ఆ ఆవేశం వల్ల కణాలు పోగులకు అతుక్కుంటాయి. 0.3 మైక్రాన్ల కణాన్ని పట్టుకోవడం వడపోతకు అన్నిటికన్నా కష్టం. ఆ సైజులోనే ఇది నూటికి 95 పట్టుకుంటుంది. అంతకన్నా పెద్దవి పోగులను నేరుగా ఢీకొంటాయి. చిన్నవి నిలకడ లేకుండా ఇటూ అటూ కదులుతూ పోగులకు తగిలి ఆగిపోతాయి. వైరస్ చాలా చిన్నది కాబట్టి మాస్కులోంచి దూరిపోతుందన్న వాదనకు సమాధానం ఇదే.

మాస్కును చూసి నవ్వడం కూడా కొత్తేమీ కాదు. 1910-11 చలికాలంలో మంచూరియాలో న్యుమోనియా ప్లేగు వ్యాపించి దాదాపు అరవై వేల మందిని బలి తీసుకుంది. మలయాలోని పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన ముప్పై ఒక్కేళ్ల డాక్టర్ వూ లియెన్-టే ఆ జబ్బు ఊపిరి ద్వారా పాకుతోందని గ్రహించి, దూదీ జాలీ గుడ్డా పొరలతో మాస్కు తయారు చేయించారు. ఫ్రాన్స్‌కు చెందిన జెరాల్డ్ మెస్నీ అనే అనుభవజ్ఞుడైన వైద్యుడు ఈ కుర్ర డాక్టరు మాటను తీసిపారేశారు. మాస్కు లేకుండా రోగులను చూడబోయారు. కొద్ది రోజుల్లోనే అదే ప్లేగుతో చనిపోయారు. ఆ తర్వాత మంచూరియాలోని హార్బిన్ నగరంలో మాస్కు లేకుండా తిరిగినవాళ్లు అరుదు.

వరి పొలాల మధ్య జరిగిన పరీక్ష

మాస్కు పల్లెల్లో పనిచేస్తుందా అన్న ప్రశ్నకు మనలాంటి డెల్టా నేలే జవాబు ఇచ్చింది. 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ దాకా బంగ్లాదేశ్‌లో 600 పల్లెల్లో, మూడు లక్షల నలభై వేల మంది పెద్దవాళ్ల మీద అధ్యయనం జరిగింది. సగం పల్లెల్లో మాస్కులు ఉచితంగా పంచారు. సంతలో, మసీదు దగ్గర, టీ కొట్ల దగ్గర మనుషులు నిలబడి, మాస్కు లేనివాళ్లకు మెల్లగా గుర్తుచేశారు. ఊరి పెద్దలు తామే పెట్టుకుని చూపించారు. 13 శాతం ఉన్న మాస్కు వాడకం 42 శాతానికి పెరిగింది. సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్లలో లక్షణాలతో కూడిన కరోనా 11 శాతం తగ్గింది. అరవై దాటినవాళ్లలో 35 శాతం తగ్గింది. అందరూ కాదు, సగం మంది కూడా పెట్టుకోకుండానే వచ్చిన ఫలితం ఇది.

ఫోన్ సందేశాలు, బహుమతుల వల్ల అదనంగా పెద్ద తేడా రాలేదు. పక్క మనిషి ఎదురుగా నిలబడి మంచిగా చెప్పడమే పనిచేసింది.

మాస్కు మంత్రమని ఎవరూ అనడం లేదు. వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2023 జనవరిలో విడుదల చేసిన సమీక్షను చూపించి మాస్కులు దండగని చాలామంది ప్రచారం చేశారు. మార్చిలో ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలు కార్లా సోరెస్-వైజర్ వివరణ ఇచ్చారు. మాస్కులు పనిచేయవని ఆ సమీక్ష చెప్పలేదనీ, పెట్టుకోమని ప్రచారం చేస్తే వ్యాప్తి తగ్గుతుందా అన్నదే అది పరిశీలించిందనీ, అందులోనూ తేల్చలేకపోయిందనీ స్పష్టం చేశారు. జేబులో ఉన్న మాస్కు, గడ్డానికి వేలాడే మాస్కు ఎవర్నీ కాపాడవు. ముక్కూ నోరూ మూసి, చెంపలకు ఆనుకుని కూర్చున్న మాస్కు కాపాడుతుంది.

ఆ మాస్కు వెనక ఎవరున్నారు?

మూత్రపిండం మార్పిడి చేయించుకున్న మనిషి రోగనిరోధక శక్తిని అణిచే మందులు జీవితాంతం వాడాలి. లేకపోతే ఒళ్లు ఆ కొత్త అవయవాన్ని తిరస్కరిస్తుంది. అలాంటివాళ్లకు టీకా కూడా మిగతావాళ్లకు పనిచేసినంతగా పనిచేయదు. కీమోథెరపీలో ఉన్నవాళ్లదీ అలాంటి స్థితే. డయాలసిస్ చేయించుకునేవాళ్లు సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు బస్సో ఆటోనో ఎక్కి, నాలుగు గంటలు ఒకే గదిలో పదిమందితో కలిసి పడుకోవాలి. ఇంట్లో కూర్చుని దూరంగా ఉండే వీలు వాళ్లకు లేదు. మాస్కు ఒక్కటే వాళ్లకు పదిమందిలోకి దారి.

ఇంకొందరు ఒకసారి దెబ్బతిని నేర్చుకున్నవాళ్లు. కరోనా సోకిన ప్రతి వందమందిలో ఆరుగురికి దీర్ఘకాల సమస్యలు వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నెలల తరబడి నీరసం, ఆయాసం, మతిమరుపు, ఏ పని మీదా మనసు నిలవకపోవడం వాటి లక్షణాలు. ఆఫీసు ఉద్యోగికి సెలవు దొరకొచ్చు. వంగి నాట్లు వేసే కూలికి, తెల్లవారుజామున పట్టుబడికి వెళ్లి వల లాగే మనిషికి నీరసమంటే ఆ పూట కూలి పోయినట్టే. పైకి ఏ జబ్బూ కనిపించదు కాబట్టి "సోమరితనం పట్టుకుంది" అన్న మాట కూడా పడాలి.

మాస్కుకు కరోనా ఒక్కటే కారణం కూడా కాదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. క్షయ కూడా గాలి జబ్బే. మందులకు లొంగని క్షయ ఉన్నవాళ్లు సర్జికల్ మాస్కు పెట్టుకున్న రోజుల్లో, వాళ్ల వార్డు గాలి పీల్చిన గినీ పందులకు జబ్బు సోకే ప్రమాదం 56 శాతం తగ్గిందని దక్షిణాఫ్రికాలో జరిగి 2012లో వెలువడిన అధ్యయనం తేల్చింది. దగ్గే మనిషి మాస్కు పెట్టుకుంటే చాలా భాగం అక్కడే ఆగుతుంది. వరి నూర్పిళ్ల దుమ్ములో, రైసు మిల్లు తవుడులో పనిచేసే మన ఆడవాళ్లు పైట కొంగో, తువాలో ముక్కుకు చుట్టుకోవడం కరోనాకు తరాల ముందు నుంచీ ఉన్నదే. అప్పుడెవరూ నవ్వలేదు.

ఎక్కడ, ఎలా పెట్టుకోవాలి?

- ఆసుపత్రి ఓపీ, మందుల షాపు క్యూ, ఏసీ కల్యాణ మండపం, అద్దాలు మూసిన కారు లేదా బస్సు, సినిమా హాలు: ఇక్కడ తప్పకుండా పెట్టుకోండి.
- పొలం, చెరువు గట్టు, ఇంటి అరుగు లాంటి గాలాడే చోట్ల ముప్పు తక్కువ. పల్లెవెలుగు బస్సు కిటికీలు తీసి ఉంచితే సగం మేలు. కిక్కిరిసి ఉంటే మాత్రం మాస్కూ కావాలి.
- గుడ్డ మాస్కు కన్నా సర్జికల్, దానికన్నా ఎన్95 మేలు. కొనేటప్పుడు ఐఎస్ 9473, ఎఫ్‌ఎఫ్‌పీ2 అన్న గుర్తులు చూడండి.
- ముందు ప్లాస్టిక్ కవాటం ఉన్నవి వద్దు. అవి వదిలే ఊపిరిని వడగట్టవు. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జులైలోనే వీటి గురించి హెచ్చరించింది.
- ఎన్95ను ఉతకొద్దు. పొరలోని విద్యుదావేశం పోతుంది. నాలుగైదు మాస్కులు ఉంచుకుని, వాడినదాన్ని కాగితం సంచిలో కొన్ని రోజులు ఆరనిచ్చి, మార్చి మార్చి వాడుకోవచ్చు. తడిసినా, సాగినా, చిరిగినా పారేయండి.
- ముక్కు దగ్గరి తీగను నొక్కి బిగించండి. గట్టిగా ఊదినప్పుడు కళ్ల వైపు గాలి తగిలితే సరిగ్గా కూర్చోలేదని అర్థం.

సముద్రాల అవతల కూడా

మాస్కు తీయనివాళ్లు మన దగ్గరే ఒంటరివాళ్లనుకోవద్దు. మనవాళ్లు ఎక్కువగా ఉండే అమెరికాలోని నార్త్ కరోలైనాలో 2024 జూన్‌లో బహిరంగ ప్రదేశాల్లో మాస్కు మీద ఆంక్షలను బిగించే చట్టం వచ్చింది. గవర్నరు వీటోను సైతం శాసనసభ తోసిపుచ్చింది. అంటువ్యాధి సోకకుండా పెట్టుకునే వైద్య మాస్కుకు మినహాయింపు ఇచ్చారు. అయినా పోలీసులో, స్థలం యజమానో అడిగితే తీసి ముఖం చూపించాలి. అదే ఏడాది ఆగస్టులో న్యూయార్క్ పక్కనున్న నసావ్ కౌంటీ కూడా ఇలాంటి చట్టమే చేసింది. నార్త్ కరోలైనాలోని కేరీలోనో మోరిస్‌విల్‌లోనో కీమో చేయించుకుంటున్న తెలుగు మనిషి సరుకుల కోసం వెళ్లినప్పుడు మాస్కు ఎందుకో చెప్పుకోవాల్సి రావచ్చు. ఇంకోవైపు అదే దేశంలో యువకులు చిన్న చిన్న బృందాలుగా ఏర్పడి ఎన్95 మాస్కులు ఉచితంగా పంచుతున్నారు.

జపాన్ దారి వేరు. 2023 మార్చి 13 నుంచి మాస్కు ఎవరిష్టం వాళ్లదని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఆ తర్వాత కూడా చాలామంది పెట్టుకుంటూనే ఉన్నారు. జలుబు చేస్తే ఎదుటివారికి అంటకుండా మాస్కు పెట్టుకోవడం అక్కడ కరోనాకు ఎంతో ముందు నుంచీ ఉన్న మర్యాద. తీసినవాళ్లూ, తీయనివాళ్లూ ఒకే రైల్లో గొడవ లేకుండా ప్రయాణిస్తారు.

మనం చేయగలిగింది

మాస్కు కుట్టింది మనమే. 2020 ఏప్రిల్‌లో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, వాటిని స్వయం సహాయక సంఘాల మహిళలు కుట్టారు. పెడన కలంకారీ అచ్చు గుడ్డతోనూ మాస్కులు తయారయ్యాయి. ఆ కుట్టుమిషన్లు, ఆ చేతులు ఇక్కడే ఉన్నాయి. కావాల్సింది మళ్లీ ఒక ఆలోచన.

మొదలుపెట్టాల్సింది ఆసుపత్రుల నుంచి. ప్రభుత్వాసుపత్రిలోనైనా, ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లోనైనా ఓపీలో దగ్గుతూ వచ్చినవాళ్లకు గుమ్మంలోనే ఒక మాస్కు చేతిలో పెట్టాలి. డయాలసిస్, కీమో, ప్రసూతి వార్డుల్లో సిబ్బంది ఏడాది పొడవునా మాస్కు పెట్టుకోవాలి. బలహీనులు తమకు తాముగా వచ్చి చేరే చోటు ఆసుపత్రి. అక్కడ వాళ్లకు కొత్త జబ్బు అంటుకోవడాన్ని మామూలుగా తీసుకోకూడదు.

పెళ్లి మండపం గుమ్మంలో గంధం, పన్నీరు పెడతాం. పక్కన ఒక మాస్కుల పెట్టె పెడితే, పెట్టుకోవాలని ఉండీ మొహమాటపడే పెద్దవాళ్లకు ధైర్యం వస్తుంది. మార్గశిరంలో సింగరాయపాలెం సుబ్రహ్మణ్యేశ్వరస్వామి షష్ఠి తీర్థానికి వచ్చే వేలమందిలో ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు ఉంటారు. వలంటీర్లు మంచినీళ్లతోపాటు మాస్కులూ అందించవచ్చు. బడిలో తరగతి కిటికీలు తీసి ఉంచడానికి పైసా ఖర్చు కాదు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే వాళ్లతోపాటు వాళ్లకు అన్నం పెట్టేవాళ్లూ మాస్కు పెట్టుకుంటే ఇల్లంతా పడకెక్కే పరిస్థితి చాలావరకు తప్పుతుంది.

బంగ్లాదేశ్ పల్లెలు చూపించినట్టు, పెద్దలు ముందు పెట్టుకోవాలి. సర్పంచి, బడి పంతులు, పాస్టరు, పూజారి, ఆర్‌ఎంపీ డాక్టరు పదిమందిలో మాస్కుతో కనిపిస్తే మిగతావాళ్లకు బెరుకు పోతుంది. పెట్టుకున్నవాళ్లను అడగడం మానేసినా చాలు. "ఒంట్లో బాలేదా" అన్న ప్రశ్నకు జవాబుగా తన ఆపరేషను గురించో, క్యాన్సర్ గురించో బస్సులో అందరి ముందూ చెప్పుకోవాల్సిన అగత్యం ఎవరికీ రాకూడదు.

మాస్కు తీయని మనిషి అందరూ పెట్టుకోవాలని పట్టుబట్టడం లేదు. పాత ఆంక్షలూ, జరిమానాలూ మళ్లీ రావాలని కోరడం లేదు. ఉన్నదాన్ని ఉందని ఒప్పుకుని, తనకు చేతనైన జాగ్రత్త తీసుకుంటున్నాడు. ఆ జాగ్రత్త మనకూ ఉపకారమే. అతను పీల్చే గాలితోపాటు వదిలే గాలినీ ఆ మాస్కు వడగడుతుంది. బదులుగా మనం చేయాల్సింది చాలా కొంచెం. ఈసారి దగ్గో జలుబో చేసి గుడివాడకో బందరుకో ఆసుపత్రికి బయల్దేరినప్పుడు ఒక మాస్కు పెట్టుకుని వెళ్లండి. బస్సులో మీ పక్క సీట్లో కూర్చున్నది డయాలసిస్‌కు వెళ్తున్న మనిషి కావచ్చు.